పద్దెనిమిది ఖాళీ గడపలు

ఆ రోజుల్లో నాకు మనుషులంటే గిట్టేది కాదని కాదు గానీ, ఫొటోలో మాత్రం గిట్టేవారు కాదు. అంటే మరీ పాత రోజులేం కావు, ఏడెనిమిదేళ్ల కిందటి మాట. నాకు ఇరవై రెండేళ్లు, చేతిలో అప్పుడే కొన్న ఫోను, బుర్ర నిండా కళ. మెట్లు, వసారాలు, గుమ్మాలు, రైలు వెళ్లిపోయాక మిగిలే ప్లాట్‌ఫారం, ఇలా లోపలా కాని బయటా కాని చోట్ల ఎండ వాలుగా పడి, నరమానవుడు లేకుండా ఉంటే చాలు, నా కాళ్లు అక్కడి నుంచి కదిలేవి కావు. అరకు స్టేషన్లో అలాంటి ఫొటో కోసం అందరూ వెళ్లిపోయేదాకా కాచుకుని, మా ఊరి బస్సు పోగొట్టుకున్న ఘనత కూడా నాకుంది. మా అమ్మ నా ఫోన్లో బొమ్మలన్నీ ఓపిగ్గా చూసి, "ఇన్ని ఫొటోల్లోనూ మడిసన్నవోడు లేడేటే, ఊర్లో ఏదైనా రోగమొచ్చిందా" అంది. (అమ్మకు కళ గురించి తెలీదని అప్పుడు జాలిపడ్డాను.)

అలాంటి నాకు డుంబ్రిగుడ వైపు ఒక ఆఫీసులో ఇళ్ల సర్వే పని దొరికింది. మొదటి ఉద్యోగం, అదీ ఆర్నెల్లకే. కొండ ఊళ్లకు వెళ్లి, మట్టి గోడల పాత ఇళ్లను ఫొటో తీసి, ఫోన్లోని యాప్‌లో ఎక్కించాలి. అవి సరిగ్గా ఉంటే ఆ ఇంటివాళ్లకు పక్కా ఇల్లు మంజూరవుతుంది. ఎలా తీయాలో చెప్పడానికి మాకు ఒక పూట శిక్షణ పెట్టారు. ఆ భవనంలో మెట్ల మలుపు దగ్గర ఒక జాలీ కిటికీ ఉంది. పదకొండు గంటల ఎండ అందులోంచి దిగి మెట్ల మీద గళ్లు గళ్లుగా పరుచుకుంది. మంచినీళ్లకని లేచిన దాన్ని ముప్పావుగంట అక్కడే ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి అందరూ టీ తాగుతున్నారు. ఏం చెప్పారని పక్కావిడను అడిగితే, ఏముంది, ఇల్లు ముందు నుంచి శుభ్రంగా కనపడాలట అంది. ఇది నాకు తెలియని విద్యా అనుకున్నాను.

నా వంతుకు వచ్చింది కొండ మీద పద్దెనిమిది గడపల ఊరు. ఆ ఇళ్లు చూడగానే ఫోను బయటికి తీశాను. ఎర్రమట్టితో అలికిన గోడలు, అడుగున నల్లటి పట్టీ, ప్రతి ఇంటి ముందూ ఒక అరుగు. దాన్ని వాళ్లు పిండా అంటారు. మంచు విడిచాక వచ్చే ఎండ పిండా మీదంతా పరుచుకుని సరిగ్గా గడప దగ్గర ఆగిపోతోంది. అవతలంతా చల్లటి చీకటి. కానీ ఏం లాభం, ప్రతి గడపలోనూ మనిషి. ఫొటో అనగానే అందరూ తలకు నూనె రాసుకుని, పెట్టెలో దాచిన బట్టలు కట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఒక్కొక్కరినీ బతిమాలి, కొంచెం జరగండి, ఇంకొంచెం అంటూ, గోడ మీద నీడ కూడా పడకుండా పక్కకు పంపాను. ఎవరూ మారుమాట్లాడలేదు. చివరింట్లో ఒంటరిగా ఉండే ముసలమ్మయితే నీలం చీరలో జరిగి జరిగి కంచె దాకా పోయింది. ఆవిడ ఇంటి కప్పు ఒక మూల కూలిపోయి, అందులోంచి కూడా వెలుతురు దిగుతోంది. ఆ వెలుతురు నాకెంత నచ్చిందంటే, వానొస్తే ఆవిడ ఎక్కడ పడుకుంటుందో అడగాలని కూడా తోచలేదు.

వారం తర్వాత ఒక పొద్దున్నే మా సారు పిలిచారు. ఫొటోలు ఒక్కొక్కటే జరుపుతూ నెమ్మదిగా మాట్లాడారు. (కేకలేసే మనిషయినా బాగుండేది.) "ఈ ఊరోళ్లందరూ వలసెళ్లిపోనారేటమ్మా?" అన్నారు. లేదండీ, ఉన్నారండీ అన్నాను.

"మరి గడపలో ఇంటి యజమాని ఏడి? మనిషి లేపోతే ఖాళీ ఇల్లని పేరు కొట్టేత్తారు. సాయంత్రం అయిదింటికి యాప్ మూసేత్తన్నారు. ఈలోగా మళ్లీ తీసి ఎక్కిత్తే సరే, లేపోతే ఇయాల్టితో సరి."

మెట్ల మలుపులో నేను నిలబడిన ముప్పావుగంటలో లోపల ఏం చెప్పారో అప్పుడు తెలిసింది. నా ఉద్యోగం పోతే పోయింది, మా అమ్మ ఎలాగూ అన్నం పెడుతుంది. నా కళాపోషణలో పద్దెనిమిది కుటుంబాల ఇళ్లు కొట్టుకుపోబోతున్నాయి.

పైగా ఆ రోజు సంత. కొండ మీద ఊళ్లన్నీ డుంబ్రిగుడలోనే ఉంటాయి. స్కూటీ వేసుకుని వెళ్లి సంతలో పడ్డాను. అల్లం బస్తాలు, చిక్కుడు గింజల కుప్పలు, ఎండుచేపల వరుసలు, వాటి వెనక వందల మొహాలు. ఏ మొహం చూసినా ఆ ఊరిదే అనిపిస్తోంది, తీరా చూస్తే నాకు ఒక్కటీ గుర్తులేదు. ఎలా ఉంటుంది, నేను వాళ్ల మొహాలు చూస్తేగా? వాళ్ల గుమ్మాలయితే కళ్లు మూసుకుని గుర్తుపడతాను. చివరికి వాళ్లే నన్ను గుర్తుపట్టారు. ఊరంతా నాయుడని పిలిచే ఊరి పెద్ద, పసుపు కొమ్ముల గోనె ముందు కూర్చున్నవాడు, ఏటి మేడమ్మా ఇలగొచ్చినావు అని అడిగాడు. నడి సంతలో ఏడ్చేశాను. వెక్కిళ్ల మధ్యనే తప్పు నాదని, ఫొటోలు మళ్లీ తీయాలని, ఈసారి అందరూ గడపలో నిలబడాలని చెప్పాను. తిడతాడని తల వంచుకుని కాచుకున్నాను.

ఆయన పసుపు గోనె మూతి ముడేశాడు. "నువ్వు జరగమన్నావు కదమ్మా," అన్నాడు. "మా మొకాలు గవర్మెంటుకి అక్కర్లేదేమో, ఇల్లొకటే సాలేమో అనుకున్నాం."

కోపంగా అన్నా భరించేదాన్ని. మామూలుగా అన్నాడు, అంతకు ముందు కూడా చాలామంది జరగమన్నట్టు. ఆ మాటకు సిగ్గుతో చచ్చిపోయాను.

తర్వాత ఆయనే సంతంతా తిరిగి మనుషుల్ని పోగుచేశాడు. సరుకు పక్కవాళ్లకు అప్పజెప్పి, ఒకే జీపులో ఒకరి మీద ఒకరు ఎక్కి కొండకు చేరాం. ఊళ్లో సిగ్నల్ రాదు. నడిచి పది నిమిషాల దూరంలో ఒక బండ ఉంది, దాని మీద నిలబడితేనే వస్తుంది. పదిహేడు ఇళ్ల ఫొటోలు తీసి, బండెక్కి వాటిని పంపి, దిగేసరికి నాలుగున్నర. పద్దెనిమిదోది చివరింటి ముసలమ్మది. ఆవిడ సంతకు రాలేదు, ఇంట్లోనూ లేదు. విస్తళ్లకు అడ్డాకులు కోయడానికి అడవికి పోయిందట. ఇద్దరు ఆడవాళ్లు కేకలేస్తూ అటు వెళ్లారు. మంచు దిగడం మొదలైంది. నేను ఆ ఖాళీ గడప ఎదురుగా నిలబడ్డాను. పిండా, దాని మీద వాలు వెలుతురు, వెనక చీకటి, మనిషి జాడ లేదు. లోకంలో అంతకన్నా భయంకరమైన దృశ్యం నేను చూడలేదు.

అయిదారు నిమిషాలకు ఆకుల మోపు నెత్తిన పెట్టుకుని వచ్చింది. బేగి నిలబడు తల్లీ అని రెండు చేతులూ జోడించాను. ఆవిడ మోపు దించి, నన్ను ఎగాదిగా చూసింది. "ఉండమ్మా, మొకం కడుక్కుని కోక మార్సుకుంటాను. ఈసారి మనిసినే తీత్తానంటన్నావు కదా," అని లోపలికి పోయింది.

ఆవిడ తిరిగి బయటికొచ్చేదాకా పట్టిన ఆరు నిమిషాల్లో నేను మొక్కని దేవుడు, కొండ దేవతలతో సహా, ఎవరూ మిగల్లేదు. నీలం చీరతో వచ్చి గడపలో నిలబడింది. తొందరలో ఫొటో వంకరగా వచ్చింది, మూలన నా వేలు కూడా పడింది. కానీ మొహం కనపడుతోంది, అదే పదివేలు. చెప్పులు వదిలేసి బండ దాకా పరుగెత్తాను. తెర మీద ఆ చక్రం తిరిగి తిరిగి, అయిదుకు రెండు నిమిషాలుందనగా ఫొటో వెళ్లింది. వెనకే వచ్చిన నాయుడు అయిపోనాదేటి అని అడిగితే, ఫోను ఆయన చేతిలో పెట్టి చూపించాను.

ఇళ్లు మంజూరయ్యాయి. నా ఆర్నెల్లూ అయిపోయి నేను వేరే పనిలో చేరాను. రెండేళ్ల తర్వాత ఒకసారి అటు వెళ్తూ కొండెక్కాను. సిమెంటు గోడలు, పైన స్లాబు, పద్దెనిమిదీ ఒకే రంగు. ఒక్క ఇంటికీ పిండా లేదు. ప్లానులో లేదట. తలుపు తీస్తే లోపల, అడుగేస్తే బయట, మధ్యలో ఏమీ లేదు. ముసలమ్మ తన ఇంటి ముందున్న ఒకే ఒక్క సిమెంటు మెట్టు మీద ఇరుక్కుని కూర్చుని విస్తళ్లు కుడుతోంది. ఇల్లు బాగుందా అని అడిగాను.

"వాన పడదమ్మా, నిద్దర పడతాది. కూకోడానికే సోటు లేదు," అంది. ఆ ఉన్న కాస్త మెట్టు మీదే పక్కకు జరిగి నన్ను కూర్చోమంది.

మెట్టు మా ఇద్దరికీ బొటాబొటిగా సరిపోయింది. మంచు విడిచిన ఎండ కాళ్ల మీద పడుతోంది, వెనక తలుపు తెరిచి ఉంది. చాలాసేపు అలాగే కూర్చున్నాం. మంచి ఫొటో అయ్యేదే. ఆ ఇరవై రెండేళ్ల పిల్ల గనక అక్కడ ఉండి ఉంటే, మా ఇద్దరినీ లేపేసి మరీ తీసేది.