బొట్టు పెట్టని పానా

ఈ రోజు విశ్వకర్మ పూజ. నాన్న పానాలన్నీ కడిగి, బొట్లు పెట్టి, పటం ముందు పేర్చేశాడు. ఇక ఇవాళంతా వాటిని ఎవరూ ముట్టకూడదు. నా స్కూటర్లో ఇంజన్ ఆయిలేమో తారులా నల్లబడింది. నిన్న బిష్టుపూర్ బజార్లో కొన్న కొత్త పానాతో నేనే పనిలోకి దిగిపోయాను.

"ఏటే, పూజ రోజున పానా పడతావేటి?" అన్నాడు నాన్న.

"దీనికింకా బొట్టు పెట్టలేదు కదా నాన్నా."

నాన్న గట్టు మీద కూర్చుని, "సెంటర్ స్టాండ్ ఎయ్యి, ఆయిల్ పైగీత దాటనీకు" అంటూ నోటితోనే పని చేశాడు. పాతది దింపి కొత్తది పోసి స్టార్ట్ చేస్తే, బండి ఎంత మెత్తగా పలికిందో. నాకు గెంతాలనిపించింది.

నాన్న కుంకుమ తెచ్చి నా పానాకి బొట్టు పెట్టాడు. "ఇక దీనికీ సెలవే. రేపు నా బండి కూడా నువ్వే సూడు."

మెకానిక్‌ని కూడా ఆ బండి మీద చెయ్యి వెయ్యనివ్వని మనిషి. ఈ రాత్రి నాకు నిద్ర పడుతుందంటారా?