ఐలవ్వ పచ్చజొన్న

బోథ్‌లో వ్యవసాయ అధికారిగా చేరిన కొత్తలో నేను అక్కడి రైతు ఐలవ్వకు పాఠం చెప్పబోయాను. మంచి విత్తనం సంచుల్లో దొరుకుతుంటే ఇంకా ఈ పాత పచ్చజొన్న ఎందుకని అడిగాను.

"సంచిలది మా వాన చూసిందా సారూ?" అంది.

నాకు కోపం వచ్చింది.

ఆమె జొన్నకు కంకి వదులుగా వాలి ఉంటుంది. వాన పడితే నీళ్లు జారిపోతాయి, గింజకు బూజు పట్టదు. ఏటా కోతకు ముందు ఆమె చేను నడుమ నిలబడి విత్తనం కంకులు ఏరుతుంది. చేని సరిహద్దు గెట్టు దిక్కు కన్నెత్తి చూడదు. గెట్టవతల పక్క చేను ఇర్షాద్ బిగుతు కంకి హైబ్రిడ్ జొన్న వేస్తాడు. దాని పుప్పొడి గాలికి వచ్చి గెట్టు పక్క మొక్కల మీదే ఎక్కువగా వాలుతుంది, ఆ గింజ కల్తీ అవుతుంది.

ముందటేడు ఐలవ్వ కంటి ఆపరేషన్‌కు ఆదిలాబాద్ వెళ్లింది. ఏరే పని కొత్త కోడలు ప్రవళిక మీద పడింది. ఆమెది ధర్మపురి, వరి పండించే ఇల్లు. వరి తన పుప్పొడితో తానే గింజ కడుతుంది, పక్క మడితో దానికి పెద్దగా పనిలేదు. ఆ అలవాటు కొద్దీ పెద్ద కంకి ఎక్కడ కనిపిస్తే అక్కడ కోసింది. వెలుతురు బాగా తగిలే గెట్టు పక్కనే పెద్ద కంకులన్నీ ఉన్నాయి. పైగా, కొత్త విత్తనం వచ్చింది కదా అని గింజలు దాచే గుమ్మిలోని పాత విత్తనమంతా పిండి పట్టించింది.

నిరుడు చేనులో మూడో వంతు కంకులు బిగుతుగా వచ్చాయి.

"అత్తమ్మా, నీ విత్తనం నేనే ఖరాబ్ చేసిన," అని ప్రవళిక అన్నం ముట్టలేదు. నలభై ఏళ్ల విత్తనం మరి, ఐలవ్వకూ కడుపు మండింది. కొత్త సంచి ఇప్పిస్తానని నేను వెళ్తే, "జర ఆగు సారూ. వానను ఏరనియ్యి," అంది.

గింజ ముదిరే వేళ తొమ్మిది రోజులు ముసురు పట్టింది. బిగుతు కంకులు నల్లబడ్డాయి. వదులువి బతికాయి, కాకపోతే వాటిలో చాలా మొక్కలు గాలికి పడిపోయాయి. ఐదారు మాత్రం చిత్రంగా నిలబడ్డాయి. వాటి కంకి ఐలవ్వ జొన్నదే, లావు కాడ ఇర్షాద్ జొన్నది.

ముసురు విడిచాక ఐలవ్వ కొడవలి కోడలి చేతికే ఇచ్చింది. పాత రకం వదులు కంకులన్నీ ఏరించి, చివరికి ఆ ఐదారింటిని చూపించింది. ప్రవళిక చెయ్యి ఆగిపోయింది.

"గివి మనవి కావు గదా అత్తమ్మా. గెట్టు దాటి వచ్చినయి."

"నేను కిన్వట్ నుంచి కోడలిగ వచ్చిన, నువ్వు ధర్మపురి నుంచి వచ్చినవ్. మనల ఎవలన్న పరాయోళ్లన్నరా? వానకు నిలవడ్డది మనదే బిడ్డా. కొయ్యి."

ప్రవళిక ఏడుస్తూనే కోసింది.