టీచరమ్మ ఈస్టరు బొరుగులు

టీచరమ్మ పోయిందని మంగళవారం పొద్దున పదకొండు గంటలప్పుడు ఫోనొచ్చింది. ఆ వేళకు నేను ఆత్మకూరు దగ్గర ఒక పల్లెలో పసిపిల్లకు టీకా వేస్తున్నాను. నర్సుగా పద్దెనిమిదేళ్ళుగా నా పని అదే. ఫోను చేసింది మా ఊరు ఉదయగిరి నుంచి టీచరమ్మ చెల్లెలు. "అక్క పోయింది మే. టీ తాగి మంచం మీద కూర్చోనుండాది. నేను గ్లాసు కడిగి వచ్చేలోపలే పోయింది," అని ఏడవకుండా చెప్పింది. టీకా మధ్యలో ఆపలేను కదా. పిల్ల తొడ మీద దూది అదిమి, జ్వరమొస్తే మందు ఎంత వెయ్యాలో తల్లికి చెప్పి, ఆ తరువాత బడి గోడ పక్కకు పోయి నిలబడ్డాను.

అప్పుడు నాకొచ్చిన మొదటి ఆలోచన చెబితే మీరు నన్ను మెచ్చుకోరు. ఈస్టరుకు ఇంకా మూడు వారాలు కూడా లేవు, బొరుగులు ఎవరు కలుపుతారు అనుకున్నాను. వెనకాలే రెండో ఆలోచన వచ్చింది. నేను ఆమెకు చెప్పాల్సిన ఒక మాట రెండేళ్ళుగా నా గొంతులోనే ఉండిపోయింది. నలుగురి ముందర ఆమెను నొప్పించాను, క్షమించమని అడగలేదు. రేపు అడుగుదాం, ఈసారి ఊరికి పోయినప్పుడు అడుగుదాం అనుకుంటూ వచ్చాను. ఇక అడగడానికి మనిషి లేదు.

టీచరమ్మ మాకు చుట్టం కాదు. కొండ కింద మా వీధి చివర ఇల్లు. వారమంతా బడిలో పంతులమ్మ, ఆదివారం గుడిలో సండే స్కూల్ టీచరు. నాకు అ ఆలు దిద్దించిందీ ఆమే, నోవహు ఓడ కథ చెప్పిందీ ఆమే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "అడిగినోళ్ళు నాకు నచ్చలా, నచ్చినోడు నన్ను అడగలా," అని నవ్వేసేది. రిటైరై ఇరవై ఏళ్ళయినా కొంగు ముడిలో సుద్దముక్క ఉండేది. ఎవరింటి పెళ్ళి శుభలేఖ వచ్చినా పారేసేది కాదు. వెనకవైపు తెల్లగా ఉన్నచోట కీర్తనల్లోంచి వాక్యం రాసి పిల్లలకు కంఠతా పట్టమని ఇచ్చేది. నా బైబిల్లో ఇప్పటికీ ఒకటి ఉంది. ఒకవైపు ఎవరిదో కలిగిరి పెళ్ళి, రెండోవైపు గుండ్రటి ఆమె అక్షరాలు.

ఎవరు గడపలోకి వచ్చినా "తిన్నావా?" అని అడిగేది కాదు. "ఏం తిన్నావు?" అని అడిగేది. తిన్నావా అంటే తిన్నానని చెప్పి తప్పించుకుంటారంట, ఏం తిన్నావంటే అబద్ధం ఆడటానికి ఒక్క క్షణం ఆలోచించాల్సి వస్తుందంట. ఆ ఒక్క క్షణం ఆమెకు చాలు, పళ్ళెం తెచ్చేది. అన్నం తినకుండా సండే స్కూలుకు వచ్చే పిల్లలు మాలో చాలామంది ఉండేవాళ్ళం. ఇప్పుడు నేను అంగన్‌వాడీల్లో పిల్లల బరువు చూసేటప్పుడు తల్లులను అదే మాట అడుగుతున్నాను.

ఇక బొరుగుల సంగతి. గుడ్ ఫ్రైడే నాడు గుడిలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన ముగిసి ఇంటికి వచ్చింది మొదలు, ఈస్టరు తెల్లవారి ప్రార్థన అయ్యేదాకా టీచరమ్మ పొయ్యి వెలిగించేది కాదు. ఇది ఏ పాస్టరూ చెప్పింది కాదు, ఏ వాక్యంలోనూ లేదు. ఆమె తల్లి అట్లా చేసేది, ఈమె కూడా చేసింది. శనివారమంతా చద్దన్నం, మజ్జిగ. అయితే ఈస్టరు నాడు చీకటితోనే లేచి, కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు నడిచి వచ్చిన పిల్లల చేతుల్లో ఏదో ఒకటి పడాలి. పొయ్యి లేకుండా ఏం పెడతారు? అందుకని అన్నీ అంగట్లో వేయించి అమ్మేవే తెచ్చి కలిపేది. బొరుగులు, కారబ్బూంది, వేయించిన శనక్కాయలు, పుట్నాల పప్పు, ఉప్పు, చిటికెడు మిరియాల పొడి ఒక వైపు. కలకండ పలుకులు, ఎండు ద్రాక్ష, కొబ్బరి ముక్కలు, బెల్లం తురుము, పిల్లలు చప్పరించే రంగు బిళ్ళలు ఇంకో వైపు.

ఆ రెండు వైపులూ ముందే కలిస్తే పనికి రావు. బెల్లానికీ ద్రాక్షకూ ఉన్న చెమ్మకు తెల్లారేసరికి బొరుగులు మెత్తబడి నోట్లో సాగుతాయి. కాబట్టి ఉప్పువన్నీ శనివారం సాయంత్రం గుడ్డ పరిచిన వెదురు గంపలో కలిపిపెట్టేది. తీపివి వేరే మూట. ప్రార్థన అయ్యాక సమాధుల తోటలోనే మూట విప్పి గంపలో పోసేది. ఇనుప గరిటె తగిలితే బొరుగులు చితుకుతాయని మా ఊళ్ళో చెక్కి అమ్మే కొయ్య గరిటె వాడేది. కుడిచేత్తో గరిటె తిప్పుతూ ఎడమచెయ్యి గంపలో పెట్టి ఉంచేది. ఉప్పు చాలిందో లేదో వేళ్ళకు అంటినదాన్ని బట్టి తెలిసేదంట.

శనక్కాయల పొట్టు నలిచి ఊదడం మా పిల్లల పని. ఒకసారి నేను మూటలోంచి రంగు బిళ్ళలు నాలుగు కాజేసి, ఏమీ ఎరగనట్టు పొట్టు ఊదుతూ కూర్చున్నాను. టీచరమ్మ నా ముందరకు వచ్చి వంగి, "ఏం తిన్నావు?" అని అడిగింది. ఏమీ తినలేదని చెప్పడానికి నోరు తెరిచాను. నాలుక పచ్చగా ఉంది. కొట్టలేదు, తిట్టలేదు. అద్దం తెచ్చి నా నాలుక నాకు చూపించి, నాతోపాటు తనూ పడీపడీ నవ్వింది.

అట్లాంటి మనిషిని నేనేం చేశానో చెబుతాను. రెండేళ్ళ కిందట, ఈస్టరుకు ముందొచ్చే శ్రమదినాల్లో, గుడి వసారాలో స్త్రీల సమాజం కూటం జరిగింది. నేను అందులో కొత్తగా కార్యదర్శిని, పైగా నర్సును. శుభ్రత గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదన్న పొగరు కూడా ఉంది, ఒప్పుకుంటున్నాను. ఈస్టరు ఏర్పాట్లు మాట్లాడుతుంటే లేచి, ఇకనుంచి బేకరీ ప్యాకెట్లు తెప్పిద్దామన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "టీచరమ్మా, మీ చేతులు వణకతా ఉండాయి. కళ్ళు కూడా ఆనవు. పోయినసారి ఒక పిల్లోడికి వెంట్రుక వచ్చింది. ఒట్టి చేత్తో కలిపింది పిల్లలకు పెట్టకూడదు," అన్నాను. ముప్పై మంది ఆడవాళ్ళు ఉన్నారు ఆ వసారాలో. టీచరమ్మ తన చేతులు ఒడిలో తిప్పి చూసుకుంది. "అట్నే కానీ మే. నువ్వు చదువుకున్నదానివి," అనింది.

ఆ ఏడూ, ఆ మరుసటి ఏడూ ప్యాకెట్లు పంచాం. లోపల ఒక కేకు ముక్క, ఒక బిస్కెట్టు, చిన్న చిప్స్ పొట్లం. సమాధుల తోట నిండా కవర్లు ఎగిరాయి. టీచరమ్మ కూడా వరసలో నిలబడి ఒక ప్యాకెట్ తీసుకుంది. ఎట్లుండాది టీచరమ్మా అని నేనే అడిగాను, బుద్ధి లేకుండా. "బాగుండాది," అనింది.

ఈ ఏడు సంక్రాంతి సెలవుల తరువాత ఒకరోజు చూడటానికి పోతే, మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుని, "ఈ ఈస్టరుకు నేనే కలపతా. శనివారం సాయంత్రం నువ్వు వచ్చి నా పక్కనుండు. ఏదన్నా తప్పు చేస్తే చెప్పు," అనింది. వస్తానని మాటిచ్చాను. అప్పుడే అడిగి ఉండాల్సింది క్షమాపణ. ఆ శనివారమే, ఇద్దరమే ఉన్నప్పుడు, పొట్టు ఊదుతూ అడుగుదామనుకున్నాను. ఆ శనివారం ఆమెకు రాలేదు. బుధవారం ఆమెను మట్టి చేసినప్పుడు ఎవరెవరో లేచి సాక్ష్యం చెప్పారు. నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. లేవలేకపోయాను.

ఆమె బదులు నేనే కలుపుదామని, ఈస్టరు ముందటి శనివారం మధ్యాహ్నం బస్సు దిగి నేరుగా బజారులో భాయ్ కిరాణా అంగడికి పోయాను. టీచరమ్మ ముప్పై ఏళ్ళుగా సామాను కొన్నది అక్కడే. ఏం కావాలో తెలుసుగానీ ఏది ఎంతో నాకు తెలియదు. ఆమె ఎక్కడా రాసిపెట్టలేదు.

"చీటీ ఎందుకు సిస్టరమ్మా, నాకు నోటికొచ్చు," అన్నాడు భాయ్. "బొరుగులు రెండు పెద్ద సంచులు. బూంది మూడు కిలోలు, శనక్కాయలు మూడు, పుట్నాలు రెండు, కలకండ కిలోన్నర..." అంటూ అన్నీ తూకం వేసి కట్టాడు.

"ఉప్పెంత భాయ్?"

"ఉప్పు ఆయమ్మ చేతిలో ఉండేది. అది నాకు తెల్దు." త్రాసు దించి నావైపు చూశాడు. "పోయిన రెండేళ్ళూ అయితే దీంట్లో సగమే తీసుకపోయింది."

నాకు అర్థం కాలేదు. "పోయిన రెండేళ్ళూ కలపలేదు గదా. గుడిలో ప్యాకెట్లు పంచినాము."

"గుడికి గాదమ్మా, మాకు. ఆ రెండేళ్ళూ మీ ఈస్టరు మా రంజాన్ నెల్లోనే పడింది. సాయంత్రం రోజా విడిచే టయానికి మా ఇంటి పిల్లోళ్ళకు, వెనక వీధి పిల్లోళ్ళకు డబ్బాలు డబ్బాలు తెచ్చిచ్చింది. చేతులకు గ్లౌజులు! మీరు సూది వేసేటప్పుడు తొడుక్కుంటారే, అవి. మెడికల్ షాపులో కొన్నాదంట. అవి తొడుక్కొనే వీధిలో నడిచి వచ్చింది. నేను నవ్వినాను. 'నవ్వబాక భాయ్. మా సిస్టరమ్మ చెప్పింది, ఒట్టి చేత్తో కలపకూడదంట. నిజమే గదా. నేను అక్షరాలు దిద్దించిన పిల్ల ఇప్పుడు నాకు నేర్పతా ఉండాది' అనింది. ఎంత సంతోషంగా అనిందో తెలుసునా!"

నేను బస్తా మీద కూర్చుండిపోయాను. ఆమెకు నా మీద కోపం ఉందనుకున్నాను ఇన్నాళ్ళూ. కోపం ఉన్నా బాగుండేది.

భాయ్ నీళ్ళ గ్లాసు ఇచ్చి, గొంతు తగ్గించి, "ఒకటి మాత్రం నిజమమ్మా. ఆ రెండేళ్ళూ ఉప్పు ఎక్కువే పడింది. మేం ఆయమ్మకు చెప్పలా. పిల్లోళ్ళు మాత్రం అంతా తినేసినారు," అన్నాడు.

ఆ మాట నాకు గుడి వసారాలో గంప ముందర కూర్చున్నాక అర్థమైంది. గ్లౌజులు తొడుక్కుని చెయ్యి పెట్టాను. ఉప్పు తగల్లేదు. పప్పు తగిలింది, బూంది తగిలింది, ఉప్పు మాత్రం వేళ్ళకు తెలియడం లేదు. ఆమెకూ తెలిసి ఉండదు. నా మాట కోసం, ముప్పై ఏళ్ళుగా చేతికి తెలిసినదాన్ని వదులుకుని, అంచనా మీద ఉప్పు వేసింది. పక్కనున్న ఆడవాళ్ళు చూస్తుండగానే ఏడ్చాను. తరువాత లేచి గ్లౌజులు తీసేసి, కాన్పు చేయడానికి పోయేముందు కడుక్కున్నట్టు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, తలకు గుడ్డ కట్టుకుని మళ్ళీ కూర్చున్నాను. కొద్దికొద్దిగా ఉప్పు చల్లుతూ, వేళ్ళు నలుపుతూ, రుచి చూస్తూ కలిపాను. ఎంత చేసినా ఆమె కలిపినట్టు కాలేదు. దగ్గరికి వచ్చిందంతే.

తెల్లవారుజామున సమాధుల తోటలో అందరి సమాధులూ సున్నం పూసుకుని కొవ్వొత్తులతో ఉన్నాయి. టీచరమ్మది ఇంకా కట్టలేదు. ఎర్రమట్టి దిబ్బ, చుట్టూ నాలుగు రాళ్ళు, ఎవరో పెట్టిన బంతిపూలు. ప్రార్థన ముగిసేసరికి కొండ మీద వెలుగొచ్చింది. ఆ దిబ్బ పక్కనే గంప దించి, తీపి మూట విప్పి పోసి కలిపాను. పిల్లలు వరస కట్టారు. "ప్యాకెట్ లేదా ఆంటీ?" అని ఒకడు మూతి ముడిచాడు. లేదురా అన్నాను. దోసిట్లో పోసింది నోట్లో వేసుకుని, రెండు క్షణాలు నమిలి, పరుగెత్తుకుంటూ పోయి వరస చివర మళ్ళీ నిలబడ్డాడు.

గంప అడుగు కనబడ్డాక నేను దిబ్బ వైపు తిరిగాను. మా క్రైస్తవుల్లో పోయినవాళ్ళతో మాట్లాడరు, నాకు తెలుసు. అయినా తల వంచుకుని అన్నాను. "టీచరమ్మా, ఆ పొద్దు అందరి ముందర నేను అట్లా అనుండకూడదు. నేను రంగు బిళ్ళలు దొంగిలిస్తే నువ్వు నలుగురిలో నన్ను చిన్నబుచ్చలా. నేను నిన్ను చిన్నబుచ్చినాను. తప్పైపోయింది. నన్ను క్షమించు." మనసులో అనుకుందామనుకున్న మాట పైకే వచ్చేసింది.

కళ్ళు తెరిచి చూస్తే పదిమంది పిల్లలు నా చుట్టూ నిలబడి ఉన్నారు. నేను ప్రార్థన చేస్తున్నాననుకున్నట్టున్నారు. గట్టిగా కళ్ళు మూసుకుని, చేతులు జోడించడానికి లేక, నిండు దోసిళ్ళను అట్లాగే గుండెలకు ఆనించుకుని ఉన్నారు. మళ్ళీ వరసలో నిలబడినవాడి దవడ మాత్రం మెల్లగా కదులుతోంది. నా గొంతు ఆగిపోయిందని తెలిసి, ఒకరి కోసం ఒకరు చూడకుండా, అందరూ ఒక్కసారే "ఆమెన్" అన్నారు. ముందర నిలబడ్డ పాప నోట్లోంచి ఒక బొరుగు జారి ఎర్రమట్టి మీద పడింది.