ఎర్రబారిన వెండి గిన్నె

వీధిలో అందరూ ఆమెను టంకం అక్క అనే పిలుస్తారు. వెండి గిన్నెకు ఆమె పిడి అతికిస్తే, అతుకెక్కడుందో వేలితో తడిమినా దొరకదు. అంత పనిమంతురాలైనా నలభై దాటాక కూడా తలుపు దగ్గరి చిన్న పీటే గతి. కిటికీ పక్క పెద్ద పీట నాన్నది. దానిమీద కూర్చుని పని చెయ్యాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోయేది. అడిగితే ఆయన "చూద్దాంలే" అనేవాడు. ఆ చూడటం ఎన్నటికీ పూర్తయ్యేది కాదు.

ఆ రోజు మాత్రం మాటిచ్చాడు. "ఈ గిన్నె మచ్చ లేకుండా చేసి చూపించు. రేపట్నుంచి కిటికీ పక్క నీదే."

టంకం పెట్టేసరికి నల్లబడ్డ గిన్నెను ఆమె ఆమ్లం తొట్టిలో వేసింది. ఎన్నో వెండి సామాన్లు మునిగి, వాటిలోని కాస్త రాగి కరిగి, ఆ నీళ్లు నీలంగా తేలాయి. అందులో ఇనుము ముంచితే కొంప మునిగినట్టే. ఇనుము కరిగి నీళ్లలోకి దిగుతుంది, రాగిని బయటికి తోసేస్తుంది. ఆ రాగి ఇనుముకూ, దాన్ని తాకిన వెండికీ పట్టేస్తుంది. అందుకే అక్కడ చెక్క పట్టకారే వాడాలని నాన్న చెవినిల్లు కట్టుకుని పోరేవాడు.

ఆమె చేతులు కడుక్కుని వచ్చేసరికి గిన్నె బయటుంది. ఎర్రగా!

"తొట్టిలో ఇనుము ముంచావు కదూ!" నాన్న ఇంతెత్తున ఎగిరాడు. "నీకా, పెద్ద పీట?"

ఆయన చేతిలో ఇనప పట్టకారు ఉంది. దాని మూతి ఎర్రగా మెరుస్తోంది. గిన్నె చూసే ఆత్రంలో చేతికందినదానితో తీసేశాడన్నమాట! ఆమెకు ఒళ్లు మండింది. అనేద్దామని నోరు తెరిచింది. తన చేతిలో ఏముందో ఆయన ఇంకా చూసుకోనేలేదని తెలిసి జాలేసింది.

"పైపొరే నాన్నా, రుద్దితే పోతుంది," అని చిన్న పీట మీద కూర్చుంది.

తిట్టబోయి నాన్న తన పట్టకారు చూసుకున్నాడు. గుడ్డతో తుడిచాడు. పోలేదు. వీపు వెనక దాచబోయాడు. కూతురు కిసుక్కున నవ్వేసింది.

"ఎప్పుడు చూశావే?"

"ముందే."

ఆయన పట్టకారు పక్కన పెట్టాడు. తర్వాత మోకాళ్లు పట్టుకుని లేచి, పెద్ద పీట ఖాళీ చేశాడు.

"గిన్నె ఇంకా ఎర్రగానే ఉంది నాన్నా."

"వెలుతురులో కూర్చుని రుద్దు. ఇకమీదట నా చేతిలో ఏముందో నువ్వే చూసుకోవాలమ్మా."