సీదా బండి

ఈ ఎడారి దేశంలో, హవల్లీలో మా పక్క ఫ్లాటులో ఉండే కొనుగోళ్ల మేనేజరు గారు పోయిన వారం గుండెపోటుతో కన్నుమూశారు. ఆ కబురు నాకు ముందుగా చెప్పింది ఆయన సైటుకు ఇక్కడి ఓ కార్ఖానా నుంచి సిమెంటు ఇటుకలు పంపే జగిత్యాల మనిషి. "సారు పోయిండన్నా" అని ఏడుస్తూ ఫోను పక్కవాళ్లకిచ్చాడు. కొనేవాడి కోసం అమ్మేవాడు ఏడవడం ఇన్నేళ్ల రిపోర్టింగులో నేను పెద్దగా చూడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయనది కోనసీమ. ఒక నిర్మాణ కంపెనీకి ఇటుక, ఇనుము, టైల్సు తెప్పించడం ఆయన పని. సైటు గేటు దగ్గర లారీలు ఎండలో బారులు తీరేవి. ప్రతి బండినీ ఆపి, సరుకు చూశాకే లోపలికి వదిలేవారు. మంచి సరుకు చెప్పిన వేళకు వరసగా తెచ్చిన వ్యాపారి బండికి మాత్రం ఆ నిరీక్షణ ఉండేది కాదు. మేనేజరు గారు చెయ్యి చాచి "సీదా!" అనేవారు, ఆగకుండా నేరుగా వెళ్లమని. తరువాతి ఆర్డరుకు మొదటి పిలుపు కూడా వాళ్లకే. ఏ దేశం డ్రైవర్లకైనా ఆ మాట అర్థమయ్యేది. "మాది సీదా బండి. మీరింకా ఎండలోనేనా?" అని ఒకరినొకరు ఉడికించుకునేవారు.

నన్ను కారులో తీసుకెళ్తూ దారిలో కట్టడాలు చూపించేవారు. ఎవరు కట్టారన్నది ఆయనకు పట్టేది కాదు. "ఆ బడి గోడ చూసేరా? మన జగిత్యాలాయన ఇటుకండి. ఒక్క పగులుంటే చూపించండి" అనేవారు. కట్టడం పూర్తయ్యాక సరుకు పంపినవాళ్లను పిలిచి పై అంతస్తు దాకా తిప్పేవారు. అదెందుకని అడిగాను.

"ఆ గోడ నాది అనుకున్నోడు పచ్చి ఇటుక పంపడండి" అన్నారు.

ఒకసారి పచ్చి ఇటుకలే వచ్చాయి, అదీ జగిత్యాలాయన దగ్గర్నుంచే. తొందరలో, పూర్తిగా గట్టిపడకుండానే లారీకెత్తారు. ఆయన పనిచేసే చిన్న కార్ఖానా చాలావరకు ఈ కంపెనీ ఆర్డరు మీదే నడిచేది. అది పోతే ఆయనా, ఆయన కింది కూలీలూ ఇంటిదారి పట్టాల్సిందే. లారీ గేటు చేరేసరికి మేనేజరు గారి ఫోను మోగింది. నేను ఆ గదిలోనే ఉన్నాను; జగిత్యాలాయన గొంతు నాకూ వినిపించింది.

"సార్, బండి దింపియ్యకుండ్రి. ఇటుకలు పచ్చిగున్నయి. తప్పు మాదే."

పక్కనే ఉన్న ప్రాజెక్టు డైరెక్టరు విన్నాడు. "ఖలాస్. వాళ్లను తీసెయ్" అన్నాడు.

మేనేజరు గారు గొంతు పెంచలేదు. "ఇవాళ ఇతన్ని తీసేస్తే రేపట్నుంచి ఎవరూ ఫోను చెయ్యరు సార్. గోడ పగిలాకే మనకి తెలుస్తుంది."

డైరెక్టరు "అయితే బాధ్యత నీదే" అని వెళ్లిపోయాడు. మేనేజరు గారు మళ్లీ ఫోను చెవిన పెట్టుకున్నారు. "ఆర్డరు ఉంటాది బాబూ. సీదా మాత్రం తీసేస్తున్నాను. వరసలో నిలబడి మళ్లీ సంపాదించుకో."

"నిలవడ్త సార్."

ఆ తరువాత మరో కంపెనీవాళ్లు ఆ కార్ఖానా ఎలాంటిదని అడిగారు. "పచ్చి ఇటుకలు వచ్చిన మాట నిజమేనండి. మేం చూడకముందే చెప్పిన మాటా నిజమే" అన్నారాయన. ఏదీ దాచలేదు. వాళ్లు ఆర్డరిచ్చారు. ఎండాకాలమంతా వరసలో నిలిచాక కార్ఖానాకు సీదా తిరిగొచ్చింది. ఆ రోజు జగిత్యాలాయన డ్రైవరు పక్కన తానే కూర్చుని గేటు దాటాడు.

మేనేజరు గారి పార్థివదేహాన్ని ఊరికి పంపిన మర్నాడు సైటుకు వెళ్లాను. ఆయన దగ్గర పని నేర్చుకున్న ఇంజనీరమ్మ ఇప్పుడు ఆ బాధ్యత చూస్తోంది. టైల్సు వ్యాపారి ఫోను చేశాడు. రంగు తేడా వచ్చిందట, బండి దారిలో ఉందట.

"ముందే చెప్పారు, మంచిది. సరైనవి ఎప్పుడు పంపుతారు?" అని ఆమె అడిగింది.

కిటికీలోంచి చూశాను. గేటు ఇంకా కొంత దూరం ఉందనగా ఆ టైల్సు లారీ ఆగింది. గేటు దగ్గర ఎవరూ దాన్ని ఆపలేదు; వ్యాపారే వెనక్కి పిలిపించాడు. దుమ్ములో కొంచెం వెనక్కి, కొంచెం ముందుకు కదిలి, నిండు సరుకుతో వచ్చిన దారినే మెల్లగా మళ్లింది.