సిలిండరుకు పెట్టిన బొట్టు

మా తమ్ముడు సముద్రంలో మునిగి, రాళ్లకు చిక్కుకున్న వలలు విడదీస్తాడు. మొన్న ఎవరో వాడిన అల్యూమినియం గాలి సిలిండరు కొనుక్కొచ్చాడు. నేను దానికి పసుపు రాసి, బొట్టు పెట్టాను. గాలి నింపకముందే పరీక్ష చేయించమని అక్కగా నేను పోరితే, ఈ రోజు నన్నూ వెంటబెట్టుకుని విశాఖపట్నం వెళ్లాడు. పరీక్ష చేసే ఆయన లోపలికి లైటు వేసి చూసి, మెడ దగ్గర సన్నటి పగులుంది, గాలి నింపితే పేలిపోవచ్చు అన్నాడు.

"నువ్వు బొట్టెట్టావు కదప్పా, ఏటీ అవదులే" అన్నాడు మావాడు.

"ఆ బొట్టు దానికి కాదురా, నీకెట్టాను."

ఇంకెవరూ వాడకుండా సిలిండరుకు చిల్లు పెట్టేయమని వాడే ఆయనకు చెప్పాడు. ఆ లోపు దాని మీది కుంకుమ వేలితో తీసి వాడి నుదుట అద్దాను.

ఇంటికొచ్చి చూస్తే మా పాత గ్యాసు పొయ్యికీ బొట్టుంది. దాని ట్యూబు రేపే మార్పిస్తాను. మీ ఇంట్లో బొట్టు మీద నడుస్తున్నవేమిటి?