ఎడమచేతికి ఖుర్పీ

పట్టు తప్పిన చేతికి బరువైన ఖుర్పీ మంచిదా, తేలికైనదా? పక్క కొట్టు దగ్గర నిలబడి చూసిన నాకిప్పటికీ తెలియదు. పక్షవాతం వచ్చి తగ్గాక సోమయ్య కుడిచేతి వేళ్ళు సరిగ్గా ముడుచుకోవు. అయినా మోండా మార్కెట్‌లో ఇనుప సామాన్ల కొట్టు ముందు గొంతుక్కూర్చుని, కలుపు తీసే ఖుర్పీలను ఒక్కొక్కటే తీసి చూస్తున్నాడు. మెరుపు చూడడు. అంచు మీద బొటనవేలు అడ్డంగా ఆడిస్తాడు, పిడి మెలితిప్పి వదులుందేమో చూస్తాడు, రేకును రాతికి తాకించి చెవి ఒగ్గుతాడు. వెనకే నిలబడ్డ కూతురు ఊర్మిళకు ఓపిక అయిపోయింది. "బాపూ, పెరడంత టైల్స్ ఏపిస్తే నీకు ఈ తక్లీఫే ఉండది. రేపు మేస్త్రీ వస్తుండు." "టైల్స్ మీద బెండకాయలు కాస్తయా?" "సరే, గా కొట్టు మెట్టు సందుల గడ్డి ఉంది సూడు. వేరుతోని తియ్యి, మేస్త్రీని రావొద్దంట."

సోమయ్య తనకు నచ్చినదాన్ని కుడిచేత్తో పట్టాడు. అది జారి ఖంగున పడింది. "పెద్దాయనా, జెర తేలికది ఇస్త" అన్నాడు కొట్టతను. ఆయన వినలేదు. పడినదాన్నే ఎడమచేత్తో తీసి, కుడి అరచేతిని పిడి వెనక ఆనించి, ఒళ్ళంతా ముందుకు వంచి మెట్టు సందులోకి నెట్టాడు. మెడ నరాలు తేలాయి. గడ్డి కదిలి ఆగింది. మళ్ళీ నెట్టాడు. తెల్లటి వేరు తెగకుండా మట్టితో సహా పైకొచ్చింది. లేపడానికి ఆమె చేయి చాచింది. ఆయన గోడ పట్టుకుని తనే లేచాడు. రావొద్దని చెప్పడానికి ఆమె మేస్త్రీకి ఫోన్ కలుపుతుంటే, కొట్టతనికి డబ్బిచ్చి ఖుర్పీని సంచిలో వేసుకుని, ఎవరికీ చెప్పకుండా జనంలోకి నడిచిపోయాడు.